నూరు గంటల చదువుకు విలువ ఎంత?

బ్లాక్ పద్ధతిలో రెండు స్టేషన్ల నడుమ ఒక సమయంలో ఒక్క రైలుకే చోటు. ముందరి స్టేషన్ నుంచి లైన్ క్లియర్ అందిన తరువాతనే స్టేషన్ మాస్టర్ బండిని విడవాలి. ఆ అనుమతిని ఇచ్చిపుచ్చుకొనే బ్లాక్ యంత్రాన్ని ముట్టుకొనే అర్హత విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా వల్ల రాదు. ఆ యంత్రం నడపడంలో పరీక్ష నెగ్గి, అధీకృత ఉద్యోగి నుంచి సామర్థ్య పత్రం పొందినవారికే ఆ అధికారం. రైల్వేవారి మాటలో అది కాంపిటెన్సీ సర్టిఫికెట్. 1976 నాటి సాధారణ నియమావళి ప్రకారం అది మూడేళ్లు మాత్రమే చెల్లుతుంది.

ఒక చిన్న విద్య, దానికొక పరీక్ష, ఆ పత్రానికొక గడువు. నేడు ప్రపంచమంతటా మైక్రో క్రెడెన్షియల్ అన్న కొత్త పేరుతో చలామణీ అవుతున్నది సారాంశంలో ఇటువంటిదే. మూడు నాలుగేళ్ల డిగ్రీకి బదులుగానో, తోడుగానో, కొన్ని గంటల్లో లేదా కొన్ని వారాల్లో ఒక నైపుణ్యం నేర్పి, పరీక్షించి ఇచ్చే చిన్న యోగ్యతా పత్రమన్నమాట. దీని మంచిచెడ్డలను తూచి చూడడానికి బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణం ఎంతో తగిన చోటు.

కొలువుల ఊరు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను పెద్ద జంక్షన్‌గా తీర్చింది. నాగపూర్ నుంచి కలకత్తా వైపు సాగే మార్గమూ, కట్నీ వైపు చీలే మార్గమూ ఇక్కడ కలుస్తాయి. అదే కంపెనీ ఆధ్వర్యాన 1931లో విజయనగరం, రాయపూర్‌ల మధ్య రైలుదారి పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి కొలువు వెదుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతపు రైల్వే కాలనీలలో స్థిరపడ్డాయి. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, బిలాస్‌పూర్ రెండూ ఉండేవి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వెలసింది.

పాతకాలపు షెడ్డులో పని నేర్పినవారూ, పరీక్షించినవారూ, జీతమిచ్చినవారూ ఒకే యాజమాన్యానికి చెందినవారు. చేతకానివానికి పత్రమిస్తే ఆ నష్టం అనుభవించవలసినదీ వారే. కనుక పరీక్ష గట్టిగా ఉండేది. నేటి చిన్న సర్టిఫికెట్ల లోకంలో నేర్పేది ఒకరు, ధ్రువీకరించేది మరొకరు, కొలువిచ్చేది ఇంకొకరు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పద్దెనిమిది రోజుల పత్రం

2021 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతినాడు, రైల్వే మంత్రిత్వశాఖ రైల్ కౌశల్ వికాస్ యోజన అనే పథకాన్ని ప్రారంభించింది. ఎలక్ట్రీషియన్, వెల్డర్, మెషినిస్ట్, ఫిట్టర్ అనే నాలుగు వృత్తులలో నూరు గంటల ప్రాథమిక శిక్షణ ఇవ్వడం అప్పటి ఉద్దేశం. దేశమంతటా 75 రైల్వే శిక్షణ సంస్థలలో మూడేళ్లలో 50 వేలమందికి నేర్పాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. పదవ తరగతి చదివి, 18 నుంచి 35 ఏళ్ల వయసు గలవారు అర్హులు. శిక్షణకు రుసుము లేదు. సుమారు పద్దెనిమిది పనిదినాలలో 75 శాతం హాజరు ఉండాలి. రాత పరీక్షలో 55 శాతం, చేతిపనిలో 60 శాతం మార్కులు వస్తేనే పత్రం దక్కుతుంది.

అయితే ఈ పథకం ప్రకటనలోనే ఒక షరతు స్పష్టంగా ఉన్నది. ఈ శిక్షణ పొందినంత మాత్రాన రైల్వేలో ఉద్యోగం కోరే హక్కు కలుగదు. ఆ మాటను దాచకుండా చెప్పడం మెచ్చదగినదే. కాని రైల్వే ముద్ర కలిగిన కాగితం చేతికి రాగానే రైల్వే కొలువే వచ్చినట్లు భ్రమపడడం రైల్వే ఊరి ఇళ్లలో సహజం. నూరు గంటల శిక్షణ పనిముట్టు పట్టడం నేర్పగలదు; అనుభవజ్ఞుడైన ఫిట్టర్‌ను తయారుచేయలేదు. సొంతంగా ఒక దుకాణం పెట్టుకోదలచినవానికి, ఐటిఐలో చేరాలా వద్దా అని తేల్చుకోదలచినవానికి అది మంచి మొదటి మెట్టు.

దీనిని అప్రెంటిస్ శిక్షణతో పోల్చి చూస్తే తేడా బోధపడుతుంది. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద రైల్వే సంస్థలలో శిక్షణ పూర్తిచేసినవారికి, రైల్వేలో లెవెల్-1 ఉద్యోగాల ప్రత్యక్ష నియామకంలో 20 శాతం ఖాళీలు ప్రత్యేకించారు. అప్పటికీ పరీక్ష తప్పదు. కొలువు ఖాయమని ఎవరూ చెప్పలేరు. కాని ఆ పత్రాన్ని గుర్తించే తలుపు ఒకటి నియమాలలోనే రాసి ఉన్నది.

జమ అయ్యే చదువు

చిన్న చదువు మరొక విధంగానూ విలువ సంపాదించుకోగలదు. అది పెద్ద చదువులో జమ కావడం. 2021 జూలై 29న అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ప్రారంభమయింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను బ్యాంకు ఖాతాలో సొమ్మువలె దాచుకొని, గరిష్ఠంగా ఏడేళ్లలోగా డిగ్రీకో డిప్లొమాకో వినియోగించుకొనే ఏర్పాటు ఇది. 2017లో మొదలయిన స్వయం వేదిక ద్వారా చదివిన పాఠాలను, ఒక సెమిస్టర్‌లోని పాఠ్యాంశాలలో 40 శాతం వరకు విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చునని యూజీసీ 2021లో నిబంధన చేసింది. బిలాస్‌పూర్‌లో 1983లో నెలకొన్న గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం వంటి సంస్థలలో చదివేవారికి ఈ మార్పు ఎంతో ముఖ్యమైనది.

2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం ముప్ఫై గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్. ఏడాది చదువుకు 40 క్రెడిట్లు. ఈ కొలతతో చూస్తే నూరు గంటలు మూడు క్రెడిట్లకు కొంచెం పైమాట. అంటే ఏడాది చదువులో పన్నెండో వంతు. ఈ లెక్క తెలిస్తే చిన్న పత్రాన్ని ఎవరూ చులకనా చేయరు, ఆకాశానికీ ఎత్తరు. అయితే ఆ క్రెడిట్లు ఖాతాలోకి ఎక్కే ఏర్పాటు ముందే ఉండాలి. లేనినాడు ఇటువంటి పత్రాలు పన్నెండు పోగుచేసినా ఏడాది చదువు కాదు.

ఇతర దేశాలకూ ఇదే సమస్య ఎదురయింది. న్యూజీలాండ్ 2018లోనే చిన్న యోగ్యతలను తన జాతీయ అర్హతల వ్యవస్థలో చేర్చుకున్నది. యూరోపియన్ యూనియన్ 2022 జూన్‌లో చేసిన సిఫారసులో, పత్రం ఇచ్చినవారెవరు, నేర్చినదేమిటి, ఎంత శ్రమ పట్టింది, పరీక్ష ఏ రీతిగా జరిగింది, నాణ్యతకు పూచీ ఏమిటి అన్న వివరాలన్నీ పత్రంలోనే ఉండాలని చెప్పింది. బ్లాక్ యంత్రం దగ్గర కూర్చునే స్టేషన్ మాస్టర్ విషయంలో రైల్వే నియమాలు ఏనాడో కోరినవి ఇంచుమించు ఇవే.

చేరేముందు అడగవలసినవి

ఇంట్లో కుర్రవాడో అమ్మాయో ఒక చిన్న కోర్సులో చేరతానన్నప్పుడు తల్లిదండ్రులు కొన్ని ప్రశ్నలు వేయడం మంచిది. పరీక్ష పెట్టేది ఎవరు? నేర్పినవారే పత్రాన్నీ అమ్ముకుంటున్నారా? దీనికి క్రెడిట్లు ఉన్నాయా, ఉంటే ఏ విశ్వవిద్యాలయం వాటిని అంగీకరిస్తుంది? ఈ పత్రం కావాలని ఏ యజమాని అయినా తన నియామక ప్రకటనలో రాశాడా? మూడేళ్ల తరువాత దీని విలువ ఎంత ఉంటుంది? వీటికి సూటిగా సమాధానం రాని చోట ధనం కన్న ముందు కాలం వృథా అవుతుంది. పడుచువారికి ధనం మళ్లీ దొరకవచ్చును. పోయిన కాలం దొరకదు.

యజమానుల బాధ్యతా తక్కువది కాదు. చిన్న సర్టిఫికెట్లు తెచ్చుకోమని యువతను ప్రోత్సహించే సంస్థలు, తమ నియామకాలలో వాటికి ఎంత విలువ ఇస్తాయో ముందుగా చెప్పాలి. ఏ విలువా ఇవ్వకపోతే ఆ మాటైనా చెప్పాలి.

రైలుదారిలో లైన్ క్లియర్ ఇచ్చినవాడు ఆ బండి బాధ్యతలో పాలుపంచుకుంటాడు. విద్యలోనూ అంతే. యోగ్యుడవని ఒకరికి పత్రం రాసి ఇచ్చినవాడు, ఆ రాతకు తానూ జవాబుదారి కావాలి. అది నూరు గంటల చదువైనా, నాలుగేళ్ల చదువైనా.