వాల్వ్ తప్పేం లేదు

నంద్యాలలో ఏప్రిల్ వచ్చిందంటే 43, 44 డిగ్రీలు మామూలే. మొన్న సెలవుల్లో అక్కడ ఒక బట్టల షాపులో పెద్ద ఏసీ సరిగ్గా చల్లబరచట్లేదని ఆళ్లగడ్డలో ఉండే మా బాబాయ్‌కి ఫోన్ వచ్చింది. ఆయన ఏసీ మెకానిక్. టూల్స్ బ్యాగ్ మోయడానికి నేనూ వెళ్లా. అప్పటికే ఎవరో వచ్చి చూసి, "కంప్రెసర్ పోయింది, మార్చాల్సిందే" అని చెప్పి వెళ్లారట. పెళ్లిళ్ల సీజన్‌లో అంత ఖర్చంటే ఓనర్ మొహంలో నెత్తురు లేదు.

బాబాయ్ కంప్రెసర్ ముట్టుకోలేదు. ముందు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గరికి వెళ్లాడు.

ఈ వాల్వ్ పనేంటో మన కేసీ కాలువ తూముతో చెప్తా. షట్టర్ తక్కువ తీస్తే చివరి పొలానికి నీళ్లు అందవు, ఎక్కువ తీస్తే గట్టు దాటి పోతాయి. ఏసీలో కూడా అంతే. లోపలి కాయిల్‌లోకి వచ్చిన లిక్విడ్ గ్యాస్ చివరికి చేరేలోపు మొత్తం ఆవిరైపోవాలి. తక్కువ వదిలితే కాయిల్ సగం ఖాళీగా ఉంటుంది. ఎక్కువ వదిలితే మిగిలిన లిక్విడ్ కంప్రెసర్‌లోకి పోతుంది. కంప్రెసర్ ఆవిరిని నొక్కగలదు కానీ లిక్విడ్‌ని నొక్కలేదు, పాడైపోతుంది.

ఎలక్ట్రానిక్ వాల్వ్‌లో షట్టర్ తిప్పేది ఒక చిన్న స్టెప్పర్ మోటార్. పూర్తిగా మూసినప్పటి నుంచి పూర్తిగా తెరిచేదాకా చాలా వాటికి 480 లేదా 500 స్టెప్పులు. ఎంత తిప్పాలో చెప్పే లస్కర్ కంట్రోల్ బోర్డు. చివరి పొలం నుంచి కబురు చెప్పే మనిషి పైపు మీద ఉండే టెంపరేచర్ సెన్సర్.

ఆ కబురు పేరే సూపర్‌హీట్. ఆవిరి తన మరిగే టెంపరేచర్ కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందో అది. సాధారణంగా 5 నుంచి 8 ఉంటే బాగున్నట్టు.

బాబాయ్ గేజ్ పెట్టాడు. 130 పీఎస్ఐ. ఆర్-410ఏ గ్యాస్‌కి అంటే మరిగే టెంపరేచర్ సుమారు 7 డిగ్రీలు. తన థర్మామీటర్‌తో పైపు చూస్తే 8. అంటే సూపర్‌హీట్ ఒకటే! పైపు కంప్రెసర్ దాకా చెమట పట్టి ఉంది. వాల్వ్ అతిగా తెరుచుకుందన్నమాట.

నేను వెంటనే "వాల్వ్ స్టక్ అయింది బాబాయ్" అన్నా.

"బోర్డు ఏం చెప్తాందో చూసినావా?" అన్నాడు.

చూస్తే బోర్డులో అదే పైపు 17 డిగ్రీలు. సూపర్‌హీట్ 10 ఉందనుకుని, గ్యాస్ చాలట్లేదని బోర్డు వాల్వ్‌ని ఇంకా ఇంకా తెరుస్తోంది. సెన్సర్ క్లిప్ వదులైంది, మీద చుట్టిన ఇన్సులేషన్ చిరిగిపోయింది. అది కొలుస్తున్నది పైపుని కాదు, మిద్దె మీది వేడిగాలిని! క్లిప్ బిగించి, ఇన్సులేషన్ కొత్తగా చుట్టాడు. కాసేపటికి గేజ్ 118కి దిగింది, సూపర్‌హీట్ 6కి వచ్చింది.

సెన్సర్ బాగానే ఉండుంటే తర్వాత ఏం చూసేవాడో దారిలో చెప్పాడు. పవర్ ఆపి వాల్వ్ కాయిల్ వైర్ల రెసిస్టెన్స్ కొలవాలి. అన్ని ఫేజుల్లో ఒకేలా రావాలి, చాలా కాయిల్స్‌లో 46 ఓమ్స్ దగ్గర ఉంటుంది. పవర్ ఉండగా కనెక్టర్ పీకితే బోర్డు పోవచ్చు. పవర్ ఇచ్చిన వెంటనే వాల్వ్ టిక్ టిక్ మనాలి. చాలా వాల్వులు తాము ఎక్కడున్నాయో తిరిగి చెప్పవు కాబట్టి, బోర్డు ముందు పూర్తిగా మూసి సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది. మనం వేరియబుల్‌ని ఇనిషియలైజ్ చేసినట్టే. అందుకే సూది లోపల ఇరుక్కుపోయినా బోర్డు కదిలిందనే అనుకుంటుంది.

సూపర్‌హీట్ ఎక్కువుంటే కథ వేరు. కండెన్సర్ నుంచి వచ్చే లిక్విడ్‌లో సబ్‌కూలింగ్ కూడా తక్కువుంటే గ్యాస్ తక్కువైనట్టు. సబ్‌కూలింగ్ ఎక్కువుంటే వాల్వో ఫిల్టరో అడ్డుపడినట్టు. ఈ తేడా చూడకుండా గ్యాస్ నింపడమే చాలామంది చేసే తప్పు.

కోడ్‌లో బగ్ వస్తే నేను ముందు ఫంక్షన్‌నే తిడతా, ఇన్‌పుట్ ప్రింట్ చేసి చూడను. ఆ రోజు నుంచి అలవాటు మార్చుకుంటున్నా. మీరు కూడా, ఈసారి ఎవరైనా కంప్రెసర్ పోయిందంటే డబ్బులు తీసేముందు ఒక్కమాట అడగండి: "సూపర్‌హీట్ ఎంతుందన్నా?"