చెన్నపట్నంలో మనుమలతో ఒక రోజు

మీలో చాలామంది దగ్గరలోని పెద్ద నగరానికి వెళ్ళే ఉంటారు. పెళ్ళి బట్టలకో, ఆసుపత్రి పనికో వెళ్ళి, ఆ పని కాగానే తిరిగి వచ్చి ఉంటారు. నగరాన్ని చూడడానికే వెళ్ళడం వేరు. చిన్నపిల్లలను వెంటబెట్టుకొని చూడడం మరీ వేరు.

మాది తమిళనాడులోని తిరుత్తణి. ఒక శనివారం నేనూ, మా ఆవిడా, ఏడేళ్ళ మనుమరాలూ, నాలుగేళ్ళ మనుమడూ చెన్నై బయలుదేరాము. పెద్దలు దానిని నేటికీ పట్నమనే అంటారు. రైలులో ఐదేళ్ళు నిండని పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. ఐదు మొదలు పన్నెండేళ్ళలోపు వారికి అర టిక్కెట్టు. కాబట్టి నలుగురికీ కలిపి రెండున్నర టిక్కెట్లు! రెండు డబ్బాల పులిహోర, రెండు సీసాల నీళ్ళు, పిల్లలకు ఒక జత బట్టలు అవ్వ సంచిలో చేరాయి.

దారిలో మనుమరాలు స్టేషన్ల పేర్లు చదువుతూ వచ్చింది. "బోర్డు మీద తెలుగు లేదేం తాతా? మనం ఈ ఊరికి ఎప్పుడొచ్చాం?" అని అడిగింది.

మేము ఎక్కడి నుంచీ రాలేదు. మా నాన్నగారు పుట్టిన ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నాము. ఆయన చిన్నతనంలో తిరుత్తణి మదరాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆ జిల్లాతో పాటు ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. 1956లో అది ఆంధ్రప్రదేశ్ అయింది. రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దులు సర్దినప్పుడు, 1960 ఏప్రిల్ 1న, మా తాలూకా మళ్ళీ మదరాసు రాష్ట్రానికి వెళ్ళింది. 1969లో ఆ రాష్ట్రం పేరు తమిళనాడుగా మారింది. మా నాన్నగారికి వచ్చే ఉత్తరాల మీద వీధి పేరు మారలేదు, కింది పంక్తి మాత్రం మారుతూ వచ్చింది. ఇదంతా ఏడేళ్ళ పిల్లకు ఎంత అర్థమైందో తెలియదు. వేళ్ళ మీద లెక్కపెట్టి, "నాలుగుసార్లా!" అంది.

ముందుగా ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం చూశాము. దీనిని 1851లో స్థాపించారు. శుక్రవారం సెలవు కనుక వెళ్ళేవారు ఆ రోజు తప్పించాలి. వచ్చాము గదా అని అన్ని గదులూ చూపించబోవడం పెద్దలు చేసే పొరపాటు. పిల్లల కాళ్ళు పీకితే కళ్ళు ఏమీ చూడవు. మేము అమరావతి శిల్పాల దగ్గరే ఎక్కువసేపు నిలిచాము.

అమరావతి కృష్ణానది ఒడ్డున ఉన్నది. అక్కడి బౌద్ధ స్తూపం చుట్టూ సున్నపురాతి ఫలకాలు ఉండేవి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వకాలు జరిపించి కొన్నింటిని మదరాసుకు చేర్చాడు. వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్ళిపోయాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాలలో దొరికినవి కూడా మదరాసులో చేరాయి. అలా ఎగ్మూరులో మిగిలిన వాటిలో ఒక గుండ్రని ఫలకం ఉంది. దాని ముందు మనుమడు, "రెండు ఏనుగులు!" అని అరిచాడు.

నిజానికి అది ఒకటే ఏనుగు. పేరు నలగిరి. బుద్ధుడిని చంపడానికి దానిని మదమెక్కించి వీధిలోకి వదిలారని కథ. ఫలకంలో ఒక పక్క అది మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. మేడ మీది వారు బెదిరిపోయి చూస్తున్నారు. మరొక పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంది. మీరు చదివే బొమ్మల కథలలో గడి తర్వాత గడి వస్తుంది. ఇక్కడ గడులు లేవు. ముందు జరిగినదీ తర్వాత జరిగినదీ ఒకే వలయంలో పక్కపక్కనే ఉన్నాయి. ఈ సంగతి చెప్పాక మనుమడు మళ్ళీ మొదటి నుంచి చూశాడు. పెద్దవాళ్ళం మాకే అక్కడి నుంచి కదల బుద్ధి కాలేదు.

చెట్టు నీడన పులిహోర తిని, మధ్యాహ్నం ఆటోలో మైలాపూరు వెళ్ళాము. అక్కడ బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 58వ రోజున, డిసెంబరు 15న, ప్రాణం విడిచారు. ఆయన 1901లో పుట్టినది కూడా ఈ నగరంలోనే. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన స్మారక భవనం.

"ఆయనకు ఆకలి వేయలేదా?" అని మనుమరాలు అడిగింది.

"వేసింది."

"మరి అడిగింది ఇచ్చారా?"

రాష్ట్రం వచ్చింది. ఈ నగరం మాత్రం అందులో చేరలేదు. అంతవరకే చెప్పాను. చిన్నపిల్లలకు ఇటువంటి విషయాలు చెప్పాలా అని మా ఆవిడ సందేహం. అడిగినంత మేరకు చెప్పాలని నా ఉద్దేశం.

సాయంకాలం దగ్గరలోని నాగేశ్వరరావు పార్కులో పిల్లలు ఆడుకున్నారు. జారుడుబల్ల మీద మనుమడి మోకాలు గట్టిగా తగిలింది. అవ్వ సంచిలోంచి అమృతాంజనం తీసి రాసింది. ఆ మందు తయారుచేయించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఈ పార్కుకు పెట్టారు. ఆయన 1893లో బొంబాయిలో ఆ మందు వ్యాపారం ప్రారంభించారు. 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా పెట్టి, 1914లో మదరాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతో తెలుగు పత్రికలు నడిచాయన్నమాట. ఇది విని మనుమరాలు సీసాను అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ సంచిలో వేసింది.

ఇక మెరీనా తీరం. అక్కడ అలలు వెనక్కి మళ్ళేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తాయి. ఈతగాళ్ళు కూడా కొట్టుకుపోయిన చోటు అది. పిల్లల చేతులు గట్టిగా పట్టుకొని పాదాలు తడిపించాము, అంతే. ఒకతను "సుండల్, సుండల్" అంటూ వచ్చాడు. "గుగ్గిళ్ళు!" అని మనుమడు చేయి చాపాడు. అతను నవ్వి, "గుగ్గిళ్ళే, తీసుకో నాయనా" అని తెలుగులోనే పొట్లం కట్టి ఇచ్చాడు. అతనిది ఏ ఊరో అడిగేలోగా ముందుకు వెళ్ళిపోయాడు.

తిరుత్తణిలో దిగేసరికి రాత్రి పది దాటింది. మనుమడు నా భుజం మీద నిద్రపోతున్నాడు. వాడి చెప్పులు అవ్వ సంచిలో ఉన్నాయి. మనుమరాలు నా చేయి పట్టుకొని, తూలుతూ నడుస్తూ అడిగింది:

"ఎవరూ కొట్టకుండానే ఆ ఏనుగు ఎట్లా కూర్చుంది తాతా?"