గొణిగేవాణ్ని తన గుడారంలోనే ఎందుకు ఉంచుకున్నాడు?

ట్రెక్కింగ్‌కు వెళ్తే జట్టులో ఒకరు అందరికన్నా ముందు పరుగెత్తుతారు, ఒకరు వెనకబడతారు, ఒకరు ప్రతిదానికీ గొణుగుతారు. ఎందుకు? అలసట, ఆకలి, భయం అందరికీ ఉంటాయి. అవి బయటపడే తీరే వేరు. ఒకరు నోరు మెదపరు, మరొకరు వాదనకు దిగుతారు.

మరి వీళ్లందరినీ కలిపి నడిపించడం ఎలా? అది ధ్రువ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్‌కు బాగా తెలుసు. 1915లో అంటార్కిటికా సముద్రంలో ఆయన ఓడ ‘ఎండ్యూరెన్స్’ మంచు ఒత్తిడికి నలిగిపోయింది. 28 మంది మంచు పలకల మీద గుడారాలు వేసుకున్నారు. ఫొటోగ్రాఫర్ హర్లీకి తన మాటకు విలువ లేదనిపిస్తే కోపం. షాకిల్టన్ అతణ్ని తన గుడారంలోనే ఉంచుకుని సలహాలు అడిగేవాడు. బరువులన్నీ పారేయమన్న మనిషే, జట్టులోని హస్సీ బాంజోను మాత్రం వదలొద్దన్నాడు. పాట ఉంటే దిగులు తగ్గుతుందని ఆయన నమ్మకం.

వడ్రంగి మెక్‌నిష్ ఏకంగా ఎదురుతిరిగాడు. ఓడే లేనప్పుడు ఆజ్ఞలు చెల్లవని అతని వాదన. కానీ 1916 ఏప్రిల్‌లో అందరూ ఒక ద్వీపం చేరాక, సాయం కోసం ఆరుగురు చిన్న పడవలో సుమారు 1,300 కిలోమీటర్లు వెళ్లాల్సి వచ్చింది. ఆ పడవ అంచులు ఎత్తు చేసింది, సందుల్లో దీపపు వత్తి, రంగు, సీల్ రక్తం కూరింది మెక్‌నిష్షే. షాకిల్టన్ అతణ్ని వెంట తీసుకెళ్లాడు. పడవ బాగుచేసే చెయ్యి కావాలి, అతని అసంతృప్తి ద్వీపంలో మిగిలిన 22 మందికి పాకకూడదు.

అక్కడ నిదానస్థుడు ఫ్రాంక్ వైల్డ్, ఇవాళే పడవ రావచ్చంటూ రోజూ పొద్దున్నే సామాన్లు సర్దించేవాడు. ఆగస్టు 30న నిజంగానే ఓడ వచ్చింది. అందరూ బతికారు. అయినా మెక్‌నిష్‌కు ధ్రువ యాత్రల పతకం పోలార్ మెడల్ ఇవ్వలేదు. అది అన్యాయమేనని నా అభిప్రాయం.