కుక్కతో కొండదారిన: నర్సీపట్నం అడవులు, జలపాతాల బాటలు

తాళ్లపాలెం కూడలి నుంచి మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం వెళ్లే రోడ్డు చాలావరకు మైదానంలోనే సాగుతుంది. నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు మళ్లాక ఘాట్ రోడ్డు మొదలై, సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి చేరుతుంది. ఈ కొండల్లో చూడదగిన జలపాతాలు చాలా ఉన్నాయి. నాతవరం మండలంలో సరుగుడు, జి.మాడుగుల మండలంలో కొత్తపల్లి, గూడెం కొత్తవీధి మండలంలో ధారకొండ ప్రసిద్ధమైనవి. ఉత్తరాన అనంతగిరి మండలంలో, బొర్రా గుహలకు దగ్గర్లో గోస్తనీ నది మీద కటికి జలపాతం ఉంది. సెలవు దొరికితే ఈ దారుల్లో నడవడానికి వచ్చేవారిలో పెంపుడు కుక్కను వెంట తెచ్చుకునేవారూ ఉంటారు.

కుక్కకు అడవి నడక మంచి వ్యాయామం. కొత్త వాసనలు, కొత్త నేల దానికి ఎంతో హుషారునిస్తాయి. అయితే ఎంత దూరం నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నది కుక్క నిర్ణయించుకోలేదు. అలసిపోయినా, అరికాళ్లు కాలినా యజమాని వెంట పడిపోయేదాకా నడుస్తుంది. అందుకే ఈ నడకలో జాగ్రత్తలన్నీ మనిషి ముందుగా ఆలోచించి పెట్టుకోవాల్సినవే. కుక్కను కాపాడుకోవడం ఎంత ముఖ్యమో, దాని వల్ల అడవికీ అక్కడి ఊళ్లకూ హాని జరగకుండా చూడడం అంత ముఖ్యం.

ఎక్కడికి తీసుకెళ్లవచ్చు

అడవి అంతా ఒకే రకం కాదు. జాతీయ ఉద్యానాల్లోకీ, వన్యప్రాణి అభయారణ్యాల్లోకీ పెంపుడు కుక్కలను సాధారణంగా రానివ్వరు. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన ప్రాంతాలు. విశాఖపట్నం పక్కనున్న కంబాలకొండ, గోదావరి ఒడ్డున ఉన్న పాపికొండలు, తలకోన జలపాతం ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఈ కోవలోకి వస్తాయి. రిజర్వు అడవుల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. కనుక బయలుదేరే ముందు ఆ ప్రాంతపు అటవీ రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

కుక్కతో నడకకు అనువైనవి ఊరి నుంచి ఊరికి జనం రోజూ నడిచే బాటలు, కాఫీ తోటల పక్కనుంచి పోయే బండి దారులు, పర్యాటకులకు తెరిచి ఉంచిన జలపాతాల దారులు. వీటిలోనూ కొత్తపల్లి వంటి చోట్ల సెలవు రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. కుక్కలకు భయపడే పిల్లలూ పెద్దలూ ఆ గుంపులో ఉంటారు. మామూలు రోజున, పొద్దున్నే వెళ్లడం అందరికీ మేలు.

ఏ కుక్క నడవగలదు

పొట్టి బొచ్చు, పొడవాటి కాళ్లు, బక్కపలచని ఒళ్లు ఉన్న దేశీ కుక్కలు మన వేడికి బాగా తట్టుకుంటాయి. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో బాతుల మందలు కాయడానికి వాడిన జోనంగి జాతి ఇలాంటిదే. వీధిలో పుట్టి ఇంట్లో పెరిగిన మామూలు ఊరకుక్క కూడా కొండ నడకకు చక్కగా సరిపోతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటివి చలికాలంలో పొద్దుటిపూట నడవగలవు. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు గాలి సరిగా ఆడదు. వాటిని ఏటవాలు దారుల్లో నడిపించకపోవడమే మంచిది.

కుక్క పిల్లల ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ, మెత్తగా ఉంటాయి. చిన్న జాతులకు ఏడాది, పెద్ద జాతులకు ఏడాదిన్నర నిండే వరకు ఎక్కువ దూరం కొండ ఎక్కించకూడదు. ఇంట్లో కూర్చుని లావెక్కిన కుక్కను ఒక్కసారిగా కొండకు తీసుకెళ్లడమూ తప్పే. కొన్ని వారాల పాటు ఊళ్లోనే రోజూ దూరం కొద్దికొద్దిగా పెంచుతూ నడిపిస్తే కండరాలు బలపడతాయి, అరికాళ్ల మెత్తలు గట్టిపడతాయి. పిలిస్తే వెంటనే వెనక్కి రావడం, ఆగమంటే ఆగడం ఆ వారాల్లోనే నేర్పాలి.

బయలుదేరే ముందు

రేబిస్ టీకా తప్పనిసరి. పిల్లకు మూడు నెలలు నిండాక మొదటి డోసు వేయిస్తారు. తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం క్రమంగా వేయిస్తూ ఉండాలి. డిస్టెంపర్, పార్వో వ్యాధులకు వేసే టీకాలతో పాటు, వాగుల్లో దిగే కుక్కకు లెప్టోస్పైరోసిస్ టీకా ముఖ్యం. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి, బురద నుంచి ఈ వ్యాధి వస్తుంది. కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మనుషులకూ సోకుతుంది. దీనికి మొదటిసారి కొన్ని వారాల తేడాతో రెండు డోసులు వేస్తారు కాబట్టి ప్రయాణానికి నెలా రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. పిడుదులను చంపే మందును కూడా కుక్క బరువును బట్టి వైద్యుడే సూచించాలి.

సంచిలో మడతపెట్టే గిన్నె, నీళ్లు, కాస్త తిండి, దూది, గాజుగుడ్డ, పట్టకారు, అదనంగా ఒక తాడు ఉండాలి. మామూలు రోజుల్లోనే కుక్కకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైమాటే. కొండ ఎక్కే రోజున అంతకు రెట్టింపు తీసుకెళ్లాలి. మెడపట్టీకి యజమాని ఫోన్ నంబరు రాసిన బిళ్ల కట్టాలి. లోయలో ఫోను సిగ్నల్ అందకపోవచ్చు కనుక దగ్గరి పశువైద్యశాల ఎక్కడుందో, 1962 నంబరుకు చేస్తే సంచార పశువైద్య వాహనం ఆ ప్రాంతానికి వస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఎండ

కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీస్తూ, నోటి తడిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఈ ఆవిరి సరిగా జరగదు. అందుకే మే నెల ఎండ ఎంత ప్రమాదమో, వానలు ఆగి ఉక్కపోసే సెప్టెంబరు రోజులూ అంతే ప్రమాదం. ఈ కొండల్లో కుక్కతో నడవడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఆ నెలల్లో లంబసింగి దగ్గర తెల్లవారుజామున చలి బాగా వణికిస్తుంది. బొచ్చు పలచగా ఉన్న కుక్కకు ఆ పూట ఒక కోటు తొడగాలి.

మిగతా కాలంలో తెల్లవారగానే మొదలుపెట్టి, పది గంటలకల్లా నీడకు చేరాలి. బండరాయి మీదో తారు మీదో అరచేతి వెనకభాగం కొన్ని సెకన్లు ఆనించి చూస్తే చాలు. చేయి ఓర్చుకోలేని నేల మీద కుక్క కాళ్లు కూడా కాలుతాయి.

కుక్క మామూలు ఒంటి వేడి సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. ఎండదెబ్బ తగిలితే ఇది 105 దాటిపోతుంది. రొప్పు ఆగకపోవడం, నోటినుంచి చిక్కటి జొల్లు కారడం, చిగుళ్లు ఎర్రబారడం, నడక తడబడడం, వాంతులు దీని గుర్తులు. వెంటనే నీడలోకి చేర్చి, ఒంటి నిండా చల్లని నీళ్లు పోస్తూ విసరాలి. తెలివిగా ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు తాగనివ్వాలి, బలవంతంగా పోయకూడదు. తడిగుడ్డ కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. ముందు చల్లబరచడం, ఆ తర్వాత చల్లబరుస్తూనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం సరైన వరస.

గెడ్డలు, జలపాతాలు

గెడ్డ దాటే చోట నాచు పట్టిన రాళ్లే మొదటి ప్రమాదం. డుంబ్రిగూడ మండలంలోని చాపరాయి లాంటి చోట నీళ్లు వెడల్పయిన బండ మీదుగా జారుతుంటాయి. పైకి లోతు లేనట్టు కనిపిస్తుంది కానీ పట్టు తప్పితే జారిపోయే నేల అది. కుక్కను మెడపట్టీతో కాక ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌తో పట్టుకుంటే, జారినా మెడ బిగుసుకోదు.

జలపాతం కింది గుండంలోకి కుక్కను దింపకూడదు. నీటి ధాటికి సుడి తిరిగే ఆ చోట ఈత వచ్చిన కుక్క కూడా ఒడ్డుకు చేరలేకపోవచ్చు. బంతో కర్రో నీళ్లలోకి విసిరి తెమ్మనడం అసలే వద్దు. కొట్టుకుపోతున్న కుక్క కోసం యజమాని ప్రవాహంలోకి దూకితే ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. ఒడ్డున నిలబడి పిలుస్తూ, ప్రవాహం నెమ్మదించే చోటికి పరుగెత్తి అందుకోవాలి.

ఉన్న చోట ఎండగా ఉన్నా పైకొండల్లో వాన పడితే గెడ్డ నిమిషాల్లో పొంగుతుంది. నీటి రంగు ఎర్రగా మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా గట్టెక్కాలి. నిలవ నీళ్లు తాగనివ్వకుండా వెంట తెచ్చిన నీళ్లే పట్టాలి.

అడవి జంతువులు, ఉచ్చులు

ఈ నడకలో ఒకే ఒక్క నియమం పాటించాలంటే అది తాడు వదలకపోవడం. వదిలిన కుక్క ఎలుగుబంటిని చూసి మొరిగి రెచ్చగొట్టి, భయపడి నేరుగా యజమాని వైపే పరుగెత్తి వస్తుంది, వెనకే ఎలుగూ వస్తుంది. చిరుతపులికి కుక్క సులువుగా దొరికే ఆహారం. కనుక సందె చీకటిలో, తెల్లవారకముందు దట్టమైన చోట్ల తిరగకూడదు.

మనుషులు పెట్టే ప్రమాదాలూ ఉన్నాయి. అడవి పందుల కోసం చేలగట్ల మీద ఉచ్చులు, కరెంటు తీగలు, తినుబండారంలో దాచిన నాటు బాంబులు పెట్టడం చట్టరీత్యా నేరమైనా తెలుగు రాష్ట్రాల్లో అక్కడక్కడా జరుగుతూనే ఉంది. నేల మీద కనిపించినది నోట పెట్టుకునే అలవాటున్న కుక్కను పొలాల వెంబడి దగ్గరగా పట్టుకుని నడపాలి.

పొదల్లో ముక్కు పెట్టిన కుక్కను నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాటేయవచ్చు. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, పసరు పోయడం వంటివి చేయకుండా, కుక్కను నడిపించక ఎత్తుకుని వైద్యుడి దగ్గరికి చేర్చాలి. పాము విషానికి విరుగుడు మందు అన్ని పశువైద్యశాలల్లో ఉండదు కాబట్టి దారిలోనే ఫోను చేసి అడగడం మంచిది. దురదగొండి కాయల నూగు, పల్లేరుకాయలు, గడ్డి ముళ్లు కూడా కుక్కను బాగా ఇబ్బంది పెడతాయి.

అడవి పట్ల, ఊళ్ల పట్ల బాధ్యత

రేచుకుక్కలు, నక్కలు, గుంటనక్కలు పెంపుడు కుక్కకు దగ్గరి చుట్టాలే. కుక్కల రోగాలు వాటికి తేలిగ్గా సోకుతాయి. డిస్టెంపర్ వైరస్ పిల్లి జాతినీ వదలదు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో ఈ వ్యాధికి దాదాపు మూడో వంతు సింహాలు చనిపోయాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో వారాల వ్యవధిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటిలో ఇదే వైరస్ కనిపించింది. టీకాలు వేయించని కుక్కను అడవికి తీసుకెళ్లకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. కుక్క మలాన్ని ఎత్తి సంచిలో వేసుకుని వెనక్కి తేవాలి. గెడ్డ దగ్గర అసలే వదలకూడదు, దిగువ ఊళ్లు ఆ నీళ్లే వాడుకుంటాయి.

గిరిజన గూడేల్లో కోళ్లు, మేకలు ఆరుబయటే తిరుగుతుంటాయి. కుక్క ఒక్క కోడిని పట్టినా ఆ ఇంటికి నష్టం. ఊరు వచ్చే ముందే తాడు కురచ చేసుకోవాలి. ఊరి కుక్కలు గుంపుగా మీదికొస్తే పరుగెత్తకుండా, తమ కుక్కను మధ్యలో ఉంచుకుని నెమ్మదిగా దాటిపోవాలి. కాటు పడితే, మనిషికైనా కుక్కకైనా, సబ్బుతో పావుగంట సేపు ధారగా కడిగి వెంటనే వైద్యం చేయించాలి.

ఇంటికి వచ్చాక

చెవుల లోపల, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లతో తడిమి పిడుదులు వెతకాలి. చర్మానికి ఆనుకుని పట్టకారుతో పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, నిప్పుతో చురక పెట్టడం కుక్కకు హాని చేస్తాయి. అరికాళ్లలో పగుళ్లు, ముళ్లు చూసి గోరువెచ్చటి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

పిడుదుల ద్వారా వచ్చే ఎర్లిఖియా జ్వరం ఒకటి నుంచి మూడు వారాల తర్వాత బయటపడుతుంది. తిండి మానడం, జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తం కారడం దాని గుర్తులు. రక్త పరీక్షతో తెలుస్తుంది, తొందరగా పట్టుకుంటే మందులతో నయమవుతుంది. అందుకని నడక తర్వాత మూడు వారాల పాటు కుక్క తిండినీ హుషారునూ గమనిస్తూ ఉండాలి. తేడా కనిపిస్తే పశువైద్యుడికి చూపిస్తూ, ఏ అడవికి ఎప్పుడు వెళ్లిందీ, ఏ నీళ్లలో దిగిందీ తప్పక చెప్పాలి. రోగం త్వరగా గుర్తించడానికి ఆ వివరాలే పనికొస్తాయి.