ప్రత్యేక దళాలు: ఎంపిక, సంస్కృతి, ఫలసిద్ధి – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రత్యేక దళాల విజయాలకు వాటి కఠినమైన ఎంపికే మూలమన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, భారతదేశాలకు చెందిన కొన్ని దళాల చరిత్రను పోల్చి, ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎంపిక వల్ల యోగ్యుడైన సైనికుడు లభిస్తాడు. అతని యోగ్యత ఫలించడం మాత్రం సమాచారం, రవాణా, గోప్యత, దళంలోని నడవడి, చట్టానికి జవాబుదారీతనం అన్న అంశాలపై ఆధారపడి ఉంటుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రత్యేక దళాలు, కమాండో, ఎస్ఏఎస్, డెల్టా ఫోర్స్, పారా కమాండోలు, గ్రేహౌండ్స్, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం:

'కమాండో' అన్న మాట తెలుగు పాఠకులకు చిరపరిచితం. ఈ మాట దక్షిణాఫ్రికాలోని బోయర్ల నుంచి వచ్చింది. వారు తమ ఆశ్విక దళాలను ఆ పేరుతో పిలుచుకునేవారు. బోయర్లతో యుద్ధం చేసిన బ్రిటిష్ వారు 1940లో, జర్మనీ ఆక్రమణలో ఉన్న తీరాలపై దాడులు చేయడానికి ఏర్పరచుకున్న దళాలకు అదే పేరు పెట్టుకున్నారు. దళానికి పేరుగా పుట్టిన ఈ మాట క్రమంగా దళంలోని ఒక్కొక్క సైనికుడికీ పేరైంది. నేడు కమాండో అనగానే స్ఫురించేది ఒక వ్యక్తి: కండలు తిరిగిన దేహం, చెదరని గుండె. ఈ అర్థవ్యాప్తితోపాటు విజయానికి కారణాన్ని వ్యక్తిలోనే వెదికే అలవాటు కూడా బలపడింది. ఆ అలవాటు ఎంత సమంజసమో తేల్చాలంటే ఎంపిక ఒకటిగా ఉండి, ఫలితాలు వేరైన సందర్భాలను పోల్చి చూడాలి.

2. ఎంపిక విధానాలు:

బ్రిటిష్ ఎస్ఏఎస్ దళాన్ని డేవిడ్ స్టిర్లింగ్ 1941లో ఉత్తరాఫ్రికాలో స్థాపించాడు. ఈ దళంలో చేరగోరేవారికి నేటికీ వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండలే తొలి పరీక్షాస్థలం. బరువైన సంచి మోస్తూ, పటం చూసి దారి వెదుక్కుంటూ ఒంటరిగా నడవాలి. ఈ దశలో చివరి నడక సుమారు 64 కిలోమీటర్లు. దాన్ని 20 గంటల్లో పూర్తిచేయాలి. శిక్షకులు కేకలు వేయరు, ప్రోత్సహించరు. బయటి నుంచి మెప్పుగానీ మందలింపుగానీ లేనప్పుడు మనిషి తనను తాను ఎంతదూరం నడిపించుకోగలడన్నదే అక్కడ పరీక్ష. తరువాత అడవిలో శిక్షణ, శత్రువుకు చిక్కకుండా తప్పించుకోవడం, చిక్కితే విచారణను తట్టుకోవడం వంటి దశలు ఉంటాయి.

ఈ దళంలో కొంతకాలం పనిచేసిన అమెరికన్ సైనికాధికారి చార్లెస్ బెక్‌విత్, అదే నమూనాలో 1977లో డెల్టా ఫోర్స్‌ను నెలకొల్పాడు. కొండల్లో ఒంటరి నడక ఆ ఎంపికలోనూ ప్రధానాంశమైంది. భారత సైన్యంలోని పారా ప్రత్యేక దళాల్లో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు ప్రొబేషన్ కాలాన్ని తాము చేరబోయే దళంలోనే, భవిష్యత్ సహచరుల కళ్ల ముందే గడుపుతారు. 1984లో ఏర్పడిన జాతీయ భద్రతా దళం, అంటే ఎన్ఎస్‌జీ, సైన్యం నుంచీ కేంద్ర సాయుధ పోలీసు బలగాల నుంచీ డిప్యుటేషన్‌పై జవాన్లను తీసుకుంటుంది.

కాఠిన్యం దానంతటదే గుణం కాదని కూడా గుర్తించాలి. 2013 జులైలో తీవ్రమైన ఎండలో బ్రెకన్ బీకన్స్‌లో జరిగిన పరీక్షా నడకలో ముగ్గురు రిజర్వ్ సైనికులు మరణించారు. పట్టుదల వదలనివారినే ఏరే పరీక్ష, ఆగవలసిన చోట ఆగలేనివారిని కూడా ఏరుతుంది. అలాంటివారిని ఆపే బాధ్యత పరీక్ష నిర్వహించే వ్యవస్థది.

3. ఒకే ఎంపిక – భిన్న ఫలితాలు:

3.1 ఉత్తరాఫ్రికా, 1941:

1941 నవంబరులో స్టిర్లింగ్ దళం తొలి దాడికి బయలుదేరింది. తుఫాను గాలుల్లో, చీకట్లో పారాచూట్లతో దిగినవారు చెల్లాచెదురయ్యారు. సగానికి పైగా తిరిగిరాలేదు; ఒక్క శత్రువిమానాన్నీ ధ్వంసం చేయలేకపోయారు. మిగిలినవారిని వెనక్కు చేర్చింది ఎడారి దారులు క్షుణ్ణంగా తెలిసిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ వాహనాలు. ఆ వాహనాల్లోనే వెళ్లి దాడి చేస్తే సరిపోతుందని స్టిర్లింగ్ గ్రహించాడు. డిసెంబరులో అదే దళం వాహనాల సాయంతో వైమానిక స్థావరాల దాకా చేరి, పదుల సంఖ్యలో విమానాలను ధ్వంసం చేసింది. ఈ నెల వ్యవధిలో ఎంపిక మారలేదు, మనుషుల ధైర్యమూ మారలేదు. గమ్యానికి చేరే మార్గం మారింది.

3.2 ఇరాన్, లండన్, 1980:

టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో బందీలైనవారిని విడిపించడానికి 1980 ఏప్రిల్ 24న డెల్టా ఫోర్స్ బయలుదేరింది. పథకానికి కనీసం 6 హెలికాప్టర్లు కావాలి. బయలుదేరిన 8లో రెండు ఎడారి మజిలీకి చేరలేదు; చేరినవాటిలో ఒకటి చెడిపోయింది. పథకాన్ని విరమించి తిరుగుముఖం పడుతుండగా ఒక హెలికాప్టర్ రవాణా విమానాన్ని ఢీకొంది. 8 మంది సైనికులు మరణించారు. డెల్టా జవాన్లు బందీలున్న నగరాన్ని చేరకముందే పథకం ముగిసిపోయింది. నౌకాదళం, వైమానిక దళం, మెరీన్లు, పదాతి దళం కలిసి సాధన చేసిన వ్యవస్థ లేకపోవడం ఈ వైఫల్యంలో బయటపడింది. 1987లో అమెరికా తన ప్రత్యేక దళాలన్నింటినీ ఒకే కమాండ్ కిందికి తేవడానికి ఈ అనుభవం ఒక ప్రధాన కారణం.

సరిగ్గా 11 రోజుల తరువాత, మే 5న, లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయంలోకి ఎస్ఏఎస్ ప్రవేశించి 17 నిమిషాల్లో ముట్టడిని ముగించింది. దాడికి ముందు ఒక బందీని, దాడి జరుగుతుండగా మరొకరిని సాయుధులు చంపారు. మిగిలినవారు ప్రాణాలతో బయటపడ్డారు. ఈ విజయం వెనుక ఆరు రోజుల సన్నాహం ఉంది. భవనం లోపలి అమరిక తెలుసుకున్నారు, గోడలకు శ్రవణ పరికరాలు అమర్చారు, పోలీసుల సంప్రదింపులతో సమయం సంపాదించారు. పైగా అది స్వదేశ రాజధాని. ఈ తేడాలన్నింటినీ పక్కనపెట్టి రెండు దళాల సైనికులను మాత్రమే పోలిస్తే ఏ నిర్ధారణకూ రాలేం.

3.3 ఛాఛరో, జాఫ్నా:

భారతీయ అనుభవమూ ఇదే చెబుతుంది. 1971 యుద్ధంలో 10 పారా కమాండో దళం లెఫ్టినెంట్ కర్నల్ భవానీ సింగ్ నాయకత్వంలో జీపుల్లో ఎడారి దాటి, సింధ్‌లోని ఛాఛరోపై దాడి చేసి విజయం సాధించింది. యుద్ధానికి ముందు నెలల తరబడి ఆ దళం ఎడారిలోనే సాధన చేసింది. భవానీ సింగ్‌కు మహావీర్ చక్ర లభించింది.

16 ఏళ్ల తరువాత, 1987 అక్టోబరు 11–12 తేదీల రాత్రి, అదే దళాన్ని శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్లతో దింపారు. ఎల్‌టీటీఈ అగ్రనాయకత్వాన్ని పట్టుకోవడం లక్ష్యం. భారత సైన్యం రేడియో సంభాషణలను ఎల్‌టీటీఈ ముందే విని, కాచుకుని ఉంది. కాల్పుల తీవ్రతకు తరువాతి హెలికాప్టర్లు దిగలేకపోయాయి. కమాండోలతోపాటు దిగిన 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన 30 మందిలో 29 మంది మరణించారు. ఆరుగురు కమాండోలు ప్రాణాలు కోల్పోయారు. గోప్యత పోయాక, కొద్దిమందితో ఆకస్మికంగా దెబ్బతీసే దళానికి ఉన్న ఒకే ఒక్క ఆధిక్యం పోయినట్లే.

4. దళ సంస్కృతి:

ప్రత్యేక దళంలో హోదాల దూరం తక్కువ. పథక రచనలో చిన్న హోదా సైనికుడు కూడా అధికారి ఆలోచనను ప్రశ్నించగలగడం ఎస్ఏఎస్‌లో సంప్రదాయంగా స్థిరపడింది. అక్కడ పెద్ద శిక్ష పాత దళానికి తిప్పి పంపడమే. చిన్న బృందం, గాఢమైన పరస్పర విశ్వాసం, బయటివారికి తెలియని పని – ఈ మూడూ ఆ దళాల బలం.

ఈ మూడే వికటించగలవని ఆస్ట్రేలియా అనుభవం చూపింది. అఫ్గానిస్తాన్‌లో తమ ప్రత్యేక దళాల నడవడిపై జరిగిన విచారణ నివేదిక 2020 నవంబరులో వెలువడింది. న్యాయమూర్తి పాల్ బ్రెరిటన్ సమర్పించిన ఆ నివేదిక, 39 మందిని చట్టవిరుద్ధంగా చంపినట్లు విశ్వసనీయమైన సమాచారం ఉందని పేర్కొంది. కొత్తగా వచ్చిన సైనికుల చేత తొలి హత్యగా బందీలను చంపించడం, మృతదేహాల పక్కన ఆయుధాలు పెట్టి ఫొటోలు తీయడం వంటి ఆరోపణలు అందులో ఉన్నాయి. ఆ సైనికులంతా కఠినమైన వడపోతలో నెగ్గినవారే. పై అధికారిని ప్రశ్నించగల స్వేచ్ఛ ఉన్న దళంలో గస్తీ నాయకుణ్ణి ప్రశ్నించలేని పరిస్థితి ఏర్పడింది. సహచరుడి పట్ల విధేయత చట్టం పట్ల విధేయతను మించిపోయింది. తరువాత ఆ రెజిమెంట్‌లోని ఒక స్క్వాడ్రన్‌ను రద్దు చేశారు.

5. తెలుగు నేల అనుభవం:

ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ చొరవతో 1989లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన గ్రేహౌండ్స్ పోలీసు దళం, సైనిక దళం కాదు. అయినా చిన్న బృందాలు, అడవి యుద్ధ శిక్షణ, సమాచారంపై ఆధారపడిన దాడి అన్న లక్షణాల వల్ల ఈ పోలికలోకి వస్తుంది. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్‌లోని లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చిచంపారు. 2014 విభజన తరువాత రెండు రాష్ట్రాలకూ వేర్వేరు గ్రేహౌండ్స్ దళాలు ఉన్నాయి.

2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవపై వస్తున్న బృందంపై మావోయిస్టులు చుట్టూ ఉన్న కొండల మీది నుంచి దాడి చేశారు. 38 మంది మరణించారు. వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ జవాన్లే. అడవిలో కాలినడకన మెలకువగా సాగే దళం, దాచుకోవడానికి చోటులేని నీటి మధ్య నిస్సహాయమైంది. అదే సంవత్సరం నవంబరులో ముంబయి దాడుల సమయంలో ఢిల్లీ ప్రాంతం నుంచి ఎన్ఎస్‌జీ చేరేసరికి రాత్రంతా గడిచిపోయింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్ఎస్‌జీ కేంద్రాలు ఏర్పడ్డాయి. రెండు సందర్భాల్లోనూ లోపం మనుషుల్లో లేదు.

ఫలసిద్ధిని ఎలా కొలవాలన్న ప్రశ్న తెలుగు నేల మీద మరింత సున్నితమైనది. ఎదురుకాల్పుల్లో మరణించినవారి సంఖ్యను పోలీసులు విజయానికి లెక్కగా చూపితే, అవి ఎదురుకాల్పులేనా అని పౌరహక్కుల సంఘాలు దశాబ్దాలుగా ప్రశ్నిస్తున్నాయి. ఎదురుకాల్పుల్లో మరణం సంభవిస్తే కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్టీరియల్ విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్ట్రేలియా ఉదాహరణ దృష్ట్యా ఈ నియమాలను దళానికి ఆటంకంగా చూడనవసరం లేదు. దళం తన గురించి తాను చెప్పుకునే మాటకు విలువ వచ్చేది ఇటువంటి విచారణ వల్లనే.

6. ముగింపు:

ఎంపిక అవసరం, అది లేకుండా ఎస్ఏఎస్ 1941 నవంబరు వైఫల్యం తరువాత నిలదొక్కుకునేది కాదు. కానీ ఒకే దళం నెల తేడాతోను, ఒకే నమూనా దళాలు 11 రోజుల తేడాతోను, ఒకే పేరున్న దళం 16 ఏళ్ల తేడాతోను పరస్పర విరుద్ధమైన ఫలితాలు పొందాయి. ఆ తేడాను వివరించేవి వాహనాలు, సమాచారం, గోప్యత, సమన్వయం. అవి సమకూర్చవలసింది ప్రభుత్వమూ సైన్యాధికార వ్యవస్థా. వైఫల్యం జరిగిన ప్రతిసారీ మరింత కఠినమైన శిక్షణ కావాలని కోరడం సులభం. దానివల్ల పథకం వేసినవారి బాధ్యత చర్చకు రాకుండా పోతుంది. మృతవీరులను స్మరించేటప్పుడు వారి ధైర్యంతోపాటు వారిని ఆ చోటికి పంపిన నిర్ణయాన్నీ పరిశీలించాలి. 'కమాండో' మొదట దళానికి పేరు. విజయాన్నీ పరాజయాన్నీ విచారించేటప్పుడు ఆ మొదటి అర్థాన్నే గుర్తుంచుకోవడం ఉచితం.