ప్రదర్శనశాల పటమును పొరలు పొరలుగా గీయుట

మన సంఘములు జరుపు వస్త్ర ప్రదర్శనములకు హాలు దొరకుట కంటె, దొరికిన హాలులో స్థలము పంచుట కష్టమైన పనియని కార్యదర్శులందరికిని తెలిసినదే. ఆగస్టు 7వ తేదీ 2015 నుండి జాతీయ చేనేత దినముగ జరుపబడుచున్నది. ఆ తేదీ దగ్గరపడగానే షోలాపూరులో నున్నవారికైనను, సేలములో నున్నవారికైనను, బరంపురములో నున్నవారికైనను ఈ చిక్కు తప్పదు. ఒకే కాగితముపై గోడలు, స్తంభములు, దుకాణములు, కుర్చీలు, కరెంటు తీగలు, సభ్యుల పేర్లు అన్నియు కలగాపులగముగ గీయబడి యుండును. ఒక సభ్యుడు తన స్థలము మార్చుమని కోరినచో కాగితమంతయు మరల గీయవలసినదే. ఇప్పుడు పటములు కంప్యూటరుపై గీయుచున్నారు గాని, పాత కాగితము మీద చేసినట్లే అన్నిటిని ఒకే చోట గీసినచో కంప్యూటరు వలన కలిగిన లాభ మేమియు లేదు. ఆ లాభము పొరలలో నున్నది. వీటినే సాఫ్టువేరులో లేయర్లు అందురు.

పొర యనగా నేమి? కంప్యూటరు రాకముందు ఇంజనీర్లు పలుచని ట్రేసింగు కాగితములను ఒకదానిపై నొకటి పరచి, అడుగు కాగితముపై గోడలు, పై కాగితముపై తీగలు గీసెడివారు. కావలసినప్పుడు పై కాగితము తీసివేసెడివారు. కంప్యూటరులోని పొర అదే. అంచుకు వేరు జకార్డు, బుటాకు వేరు జకార్డు కట్టి నేయువారికి ఇంతకంటె వివరము అక్కరలేదు. బుటా అట్టలు మార్చినను అంచు చెక్కుచెదరదు గదా! అయితే ఒక భేదము కలదు. నేసిన పిదప బుటాను చీర నుండి ఊడదీయలేము. పటములో ఏ పొరనైనను, ఎప్పుడైనను ఊడదీసి మరల పెట్టవచ్చును.

ఇందులకు వేలకు వేలు పోసి సాఫ్టువేరు కొననక్కరలేదు. 1982లో వెలువడిన ఆటోకాడ్‌లో పొరల విధానము బాగుగ స్థిరపడి, ఇంజనీర్ల కార్యాలయములలో దానినే విరివిగ వాడుచున్నారు. కాని దానికి ఏటేట చందా కట్టవలెను. లిబ్రేకాడ్, ఇంక్‌స్కేప్, లిబ్రెఆఫీస్ డ్రా అను మూడును ఉచితముగ దొరకును. ఈ మూటిలోను పొరలు కలవు. కొలతలతో కూడిన హాలు పటమునకు లిబ్రేకాడ్ తగినది. అలంకరణ, రంగులు ముఖ్యమైనచో ఇంక్‌స్కేప్ మేలు.

అన్నిటికంటె అడుగు పొర ముఖ్యము. ఇందులో హాలు గోడలు, స్తంభములు, తలుపులు, మెట్లు, మరుగుదొడ్లు, కరెంటు బోర్డు ఉన్న చోటు మాత్రమే ఉండవలెను. అనగా మనము కదల్చలేనివి మాత్రమే. హాలు యజమాని ఇచ్చిన పటమును నమ్మి గీయరాదు. ఇద్దరు మనుష్యులు టేపు పట్టుకొని ఒక పూట కొలిచినచో చాలును. స్తంభము మందమును, తలుపు ఏ ప్రక్కకు తెరచుకొనునో కూడ వ్రాసికొనవలెను. గోడలు అసలు కొలతతోనే గీసి, అచ్చు వేయునప్పుడు మాత్రము తగ్గించుకొనవలెను. 30 మీటర్ల హాలును నూరవ వంతుకు తగ్గించినచో 30 సెంటీమీటర్లగును. ఏ4 కాగితము పొడవు 29.7 సెంటీమీటర్లే. కేవలము 3 మిల్లీమీటర్లు చాలక అచ్చువేయు దుకాణమువాడు "కాగితమునకు సరిపెట్టు" అను మీట నొక్కును. అంతట కొలత యంతయు చెడును. కావున ఏ3 కాగితము అడుగవలెను. అంతేగాక అడుగు పొరలోనే ఒక మూలను 5 మీటర్ల కొలగీత గీసి యుంచవలెను. కాగితము ఎంత కుదించినను ఆ గీతయు దానితోపాటు కుదియును గనుక మోసము ఉండదు.

పని పూర్తియైన తోడనే అడుగు పొరకు తాళము వేయవలెను. సాఫ్టువేరులో పొర ప్రక్కన తాళపు బొమ్మ యుండును. తాళము వేసిన పొర కనబడును గాని, చేయి తగిలి గోడ కదలుట యుండదు.

రెండవ పొర దారులది. దీనిని దుకాణముల కంటె ముందు గీయవలెనని నా గట్టి అభిప్రాయము. సాధారణముగ జరుగునది దీనికి విరుద్ధము. దుకాణములన్నియు గీసి మిగిలినది దారి యనుకొందురు. ఒక లెక్క చూడుడు. 30 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు గల హాలు. దుకాణము 3 మీటర్లకు 3 మీటర్లు. రెండు పొడవు గోడల వెంట ఒక్కొక్క వరుస, నడుమ వీపులు కలిపిన రెండు వరుసలు పెట్టితిమి. నాలుగు వరుసలకు 12 మీటర్లు పోగా 6 మీటర్లు మిగులును. అనగా 3 మీటర్ల దారులు రెండు. రెండు కొనలయందును 3 మీటర్ల చొప్పున విడిచినచో వరుసకు 8, మొత్తము 32 దుకాణములు. ఇప్పుడు దారుల పొరను వెలిగింపుడు. ప్రతి పొడవు గోడ నడుమను ఒక్కొక్క ప్రక్క తలుపు ఉన్నది. ఆ రెండు తలుపుల ముందున్న దుకాణములు తీసివేయవలెను. మిగిలినవి 30. దుకాణములు ఆక్రమించినది 270 చదరపు మీటర్లు. హాలు 540. సరిగా సగము.

ఈ సగమును చూచి కోశాధికారికి నిద్రపట్టదు. "ప్రక్క తలుపు ఎవరును వాడరు, అక్కడ రెండు దుకాణములు వేసినచో అద్దె వచ్చును గదా" యనును. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది మరణించిరి. అదనపు కుర్చీలు వేసి, బాల్కనీలో ఒక వైపు దారి మూసివేయుట ఆ మరణములకు గల కారణములలో నొకటి. మన హాలులో నుండునది పత్తి, పట్టు, నూలు, అట్టపెట్టెలు, గుడ్డ తెరలు. కావున దారుల పొరకును తాళము వేసి, దానిని తెరచు అధికారము ఒక్కరికే ఉంచుట మంచిది. దారి ఎంత వెడల్పు ఉండవలెనో స్థానిక అగ్నిమాపక శాఖవారిని అడిగి, వ్రాతమూలకముగ పొందవలెను.

దుకాణములు మూడవ పొర. ఇందులో గడులు, వాటి అంకెలు మాత్రమే ఉండవలెను. పేర్లు ఉండరాదు. పేర్లకు వేరు పొర కావలెను. ఇది చిన్న విషయముగ కనబడును గాని, సంఘములలో తగవులు ఇక్కడనే పుట్టును. ముందు అంకెలతో నున్న పటమును అందరి యెదుట గోడకు అతికించి, తరువాత చీట్లు వేసి, ఆ ఫలితమును పేర్ల పొరలో వ్రాసినచో, కార్యవర్గము తమవారికి ద్వారము దగ్గరి గది ఇచ్చెనని ఎవరును అనలేరు. ఇద్దరు సభ్యులు ఇష్టపడి మార్చుకొన్నచో పేర్లు మారును, గడి మారదు. కరెంటువాని కాగితములో 17వ గది 17వ గదిగనే యుండును.

నాలుగవది కరెంటు పొర. దీపములు, ఫ్యానులు, బోర్డు నుండి తీగ పోవు దారి, ఏ గదికి ఎన్ని ప్లగ్గులు అనునవి ఇందులో నుండవలెను. ఐదవది గుడ్డ పొర. తెరలు, పందిరి గుడ్డ, తోరణములు ఇందులో గీయవలెను. దీనిని వేరు పొరగ గీయువారు అరుదు. అందుచేతనే చెప్పుచున్నాను. అన్ని పొరలు ఆర్పి, కరెంటు, గుడ్డ అను రెండిటిని మాత్రము ఒకేసారి వెలిగించి చూడవలెను. తీగ గుడ్డను తాకు ప్రతి చోటును ఎఱ్ఱ గుర్తుతో ఒక క్రొత్త పొరలో గుర్తించి, ఆ కాగితము కరెంటు మేస్త్రీకి ఇవ్వవలెను. 2004 జనవరి 23న శ్రీరంగములో ఒక కళ్యాణ మండపమున పెండ్లి జరుగుచుండగా పూరి పందిరికి నిప్పంటుకొని, పెండ్లికుమారునితో సహా యాభై మందికి పైగా మరణించిరి. వీడియో తీయుటకు వేసిన విద్యుత్తు తీగ నుండి నిప్పు పుట్టినదని చెప్పబడినది. అటువంటి తీగ ఏ పటములోను ఉండదు, కడపటి గంటలో వచ్చును. కావున ఫొటోవానికి, మైకువానికి కూడ ముందుగనే కరెంటు పొరలో చోటు చూపవలెను.

మగ్గము ప్రదర్శించు సంఘములు దానికి ప్రత్యేకముగ ఒక పొర పెట్టుకొనవలెను. అద్దె హాలులో గుంట మగ్గము కుదరదు గనుక స్టాండు మగ్గమే పెట్టుదురు. మగ్గము కొలతతోపాటు నేయువాడు కూర్చుండు చోటు, చూచువారు నిలుచు చోటు కూడ గడిలో చేర్చవలెను. ఇక్కడ పటము యొక్క లోపము ఒకటి చెప్పవలెను. నేల పటములో ఎత్తు కనబడదు. జకార్డు పెట్టె మగ్గముపైన ఎంత ఎత్తున నుండునో, ఆ చోట ఫ్యాను ఎంత క్రిందికి వ్రేలాడుచున్నదో అంకెలతో వ్రాసికొనకున్నచో, తెల్లవారి ప్రారంభోత్సవమనగా రాత్రి మగ్గము విప్పి మరల కట్టవలసి వచ్చును.

ప్రారంభ సభకు కుర్చీలు, మరునాటి నుండి దుకాణములు ఒకే చోట వేయు సందర్భములలో కుర్చీలకు వేరు పొర యుంచి, ఒకటి వెలిగించినప్పుడు రెండవది ఆర్పవలెను. రెండును వెలిగి యుండగా అచ్చు వేసి పంపిన కాగితము పందిరివానికి ఏ సంగతియు తెలుపదు.

ఇక మన కుటుంబములకు ప్రత్యేకించి పనికివచ్చు సంగతి యొకటి కలదు. యానాములో తెలుగు కాగితము చాలును. కాని సేలములో కరెంటువాడు తమిళము చదువును, షోలాపూరులో మరాఠీ, బరంపురములో ఒడియా, కర్ణాటకమున కన్నడము. అక్షరములకు రెండు పొరలు పెట్టి, ఒకదానిలో తెలుగున, మరియొకదానిలో స్థానిక భాషలో వ్రాసికొన్నచో ఒకే పటము ఇద్దరికిని చెల్లును. సభ్యులకు తెలుగు పొర వెలిగించి, పనివారికి రెండవది వెలిగించి అచ్చు వేయించవచ్చును. మరియొకరి కంప్యూటరులో మన తెలుగు ఫాంటు లేనిచో అక్షరములకు బదులు ఖాళీ గడులు కనబడును గనుక, మూల ఫైలు గాక పీడీఎఫ్ చేసి పంపవలెను. పొరల పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేసినచో, భాష తెలియని ఇంజనీరు కూడ ఏది దేనిపైనదో పోల్చుకొనును.

పొరలు వాడువారు జాగ్రత్తపడవలసిన చోట్లు రెండు కలవు. ఆటోకాడ్‌లో పొరను ఆర్పుట వేరు, గడ్డకట్టించుట వేరు. ఆర్పిన పొర కంటికి కనబడదు గాని, "అన్నియు చెరుపు" అని ఆజ్ఞ యిచ్చినచో దానిలోని గీతలును చెరగిపోవును. గడ్డకట్టించిన పొరకును, తాళము వేసిన పొరకును ఆ ప్రమాదము లేదు. కనబడుట లేదు గదా యని ధైర్యముగ చెరిపి, పేర్ల పొర పోగొట్టుకొనుటకు ఇదియే కారణము. రెండవది, పై పొర క్రింది పొరను కప్పునను నమ్మకము. ఇంక్‌స్కేప్‌లో అది నిజము. కాని ఆటోకాడ్‌లోను, లిబ్రెఆఫీస్ డ్రాలోను పొరల వరుసకును, ఏది దేనిని కప్పుననుటకును సంబంధము లేదు. రంగు పూసిన గడి అంకెను కప్పివేసినచో పొరలను అటునిటు మార్చి లాభములేదు. ఆ వస్తువునే ముందుకు తెచ్చు ఆజ్ఞ వేరుగ నుండును.

ప్రదర్శనము ముందు రాత్రి దారుల పొరను, దుకాణముల పొరను మాత్రము అచ్చు వేసి, సుద్దతో నేలపై గీయించవలెను. గీత స్తంభమునకు తగిలిన చోట అడుగు పొరను అప్పుడే సరిదిద్ది, ఫైలును సంఘము పెట్టెలో భద్రపరచవలెను. మరుసటి యేడు అదే హాలు దొరికినచో 01, 02 పొరలు అట్లే యుంచి, మూడవదాని నుండి మొదలుపెట్టవచ్చును.