అనుమానం ముందు కొత్తవాళ్ల మీదికే!

పిల్లలు కాలేజీ హాస్టల్లో స్నేహితులతో చూసేసే సినిమాలు మన దాకా రావడం తక్కువ. 2022లో వచ్చిన 'బాడీస్ బాడీస్ బాడీస్' అలాంటిదే. నెదర్లాండ్స్‌కు చెందిన హలీనా రైన్ దర్శకురాలు. పైకి హత్యల కథే అయినా, నేటి కుర్రకారు స్నేహాల మీద వేసిన గట్టి చురక ఇది.

తుపాను రాత్రి ఓ సంపన్నుల బంగళాలో మిత్రబృందం చీకట్లో 'హంతకుడెవరు' ఆట మొదలుపెడుతుంది. కరెంటు పోతుంది, ఫోన్ సిగ్నల్ ఉండదు. ఒకడు గొంతు తెగి చనిపోతాడు. ఇక 'టాక్సిక్', 'గ్యాస్‌లైటింగ్' అంటూ ఒకరిపై ఒకరు దుమ్మెత్తిపోసుకుంటారు. శవాలు లేస్తున్నా ఒకమ్మాయికి తన పాడ్‌కాస్ట్‌ను చులకన చేశారన్నదే బాధ. నవ్వు ఆగదు.

నన్ను ఆలోచింపజేసింది మాత్రం వేరే విషయం. అనుమానం మొదట పడేది పాత స్నేహితుల మీద కాదు. కొత్తగా వచ్చిన గ్రెగ్ మీద, తర్వాత బీ మీద. వేరే యాసలో మాట్లాడే బీ, ఆ ఇంటికి జుకినీ బ్రెడ్ తీసుకెళ్తుంది, మనం డబ్బాలో పులిహోర పట్టుకెళ్లినట్టు. చివరికి ఆ అమ్మాయినే తుపానులోకి గెంటేస్తారు.

మన పిల్లల్లోనూ ఎందరో బీలున్నారు. పుట్టినరోజుకు పిలవలేదనో, గ్రూప్ చాట్ నుంచి తీసేశారనో ఇంట్లో చెప్పరు. ఒక్కోసారి గెంటేసేవాళ్లలో మన పిల్లలూ ఉండొచ్చు.

రక్తపాతం, డ్రగ్స్, బూతులు ఉన్నందున అమెరికాలో దీనికి 'ఆర్' రేటింగ్ ఇచ్చారు. చిన్నపిల్లలకు వద్దు. కాలేజీ వయసు పిల్లలుంటే కలిసి చూడండి. చివరి మలుపు నేను చెప్పను. సినిమా అయ్యాక మాత్రం ఒక్క మాట అడగండి: "నువ్వక్కడ ఉంటే బీకి తలుపు తీస్తావా?"